నాలుగో కుప్ప

వ్యాన్ బానెట్ ఇంకా వెచ్చగానే ఉంది.
క్లియోటిస్ దానిమీద ఈ రాత్రి డబ్బు పంచుతున్నాడు
పేకముక్కలు వేసినట్టు,
బొటనవేలు నాలిక్కి అద్దుకుంటూ.
మూడు వందల నలభై డాలర్లు.
అందులో ఒక ఇరవై బీరులో తడిసింది,
దాన్ని వైపర్ కింద ఆరబెట్టాడు.
నాలుగు కుప్పలు.
ఉన్నది ముగ్గురం.

ఎవరం ఏమీ అనం.
పడూకాలోనూ ఇంతే, సైక్‌స్టన్‌లోనూ ఇంతే.
మార్చి నుంచీ ఇంతే.

నాకు ఊళ్ళు గుర్తుండవు, మెట్లు గుర్తుంటాయి.
డ్రమ్ములు మోసేవాళ్ళకి
ఎన్ని మెట్లుంటే అంత ఊరు.
పడూకా పదకొండు, మలుపులో ఒకటి విరిగింది.
సైక్‌స్టన్‌లో మెట్లే లేవు,
అందుకే ఆ ఊరంటే నాకు ప్రేమ.
ఇక్కడ, కేరోలో, పందొమ్మిది.
ఈజిప్టు పేరు తెచ్చుకుని
తన నోటికొచ్చినట్టు పలుక్కునే ఊరు,
సగం కిటికీలకి చెక్కలు కొట్టేసుకున్న ఊరు.
విన్నది పద్నాలుగు మంది,
ఇద్దరు బాత్రూమ్ కోసం వచ్చినవాళ్ళు.

డివిట్ ఉంటే లెక్క దిద్దేవాడు:
"పదమూడున్నర. ఆ మూల ఆయన కునుకుతున్నాడు."

బేస్ గిటార్ అతనిది.
పచ్చి ఉల్లిపాయ శాండ్‌విచ్ తిని
కిటికీ తెరవనిచ్చేవాడు కాదు.
ఇరవై రెండేళ్ళు ఆ వాసన పక్కనే కూర్చున్నాను.
ఇప్పుడు కిటికీ తెరిచే ఉంటుంది.
ఊపిరాడదు.

కేప్ జిరార్డోలో, లాండ్రీ దుకాణంలో,
ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని పోయాడు.
నిద్రనుకున్నాం.
డ్రయ్యర్ ఆగేదాకా లేపలేదు.
మా నలుగురి చొక్కాలూ
వెచ్చగా బయటికొచ్చాయి.

ఆ రాత్రీ వాయించాం.
అడ్వాన్సు అప్పటికే తినేశాం మరి.
థర్లో తన గిటార్ లావు తీగల మీద
బొటనవేలితో డివిట్ నడక నడవబోతాడు.
నా కుడికాలు మాత్రం
అలవాటుకొద్దీ అతని కోసం ఆగుతుంది,
వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతుంది.
ఆ ఆలస్యానికే జనం ఇప్పుడు కళ్ళు మూసుకుంటున్నారు.
ఒకావిడ నా చెయ్యి పట్టుకుని
ఆ దెబ్బ ఎక్కడ నేర్చుకున్నావంది.
ఏం చెప్పను,
లాండ్రీలో అని చెప్పనా?

నాలుగో కుప్ప వేరుశనగల డబ్బాలోకి పోతుంది,
డబ్బా అతని సీటు కిందికి.
మెంఫిస్‌లో అతని అక్కకి పంపితే
ఆ చిరునామాలో ఎవరూ లేరని
కవరు చినక్కుండా తిరిగొచ్చింది.

ఏప్రిల్‌లో ఆల్టర్నేటర్ కాలిపోయింది.
మెకానిక్ రెండొందల పది అన్నాడు.
ముగ్గురి జేబులూ దులిపితే డెబ్భై.
పోయినవాడి దగ్గర చేబదులు అడగడానికి
ఎవరు ముందు నోరు తెరుస్తారా అని
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
డబ్బా నేనే లాగాను.

బండి కదిలాక
"డివిట్ ఇప్పించాడు" అన్నాడు క్లియోటిస్.
బతికుండగా కాఫీ అయినా ఇప్పించని మనిషని
ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చి
పొట్టలు పట్టుకుని నవ్వాం
ఈ ఊరి వంతెన దాటేదాకా.
కింద ఒహైయో పచ్చగా, మిసిసిపీ బురదగా,
కలిసిన తర్వాత కూడా చాలా దూరం
దేని రంగు దానిదే.

రేపు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో
ఒనీషా అనే పిల్ల ఎక్కుతుంది, సొంత బేస్ గిటార్‌తో.
ఇరవై నాలుగేళ్ళు. ఉల్లిపాయ పడదట.
డివిట్ కన్నా బాగా వాయిస్తుందన్నందుకు
క్లియోటిస్ రెండు జిల్లాలు దాటేదాకా
థర్లోతో మాట్లాడలేదు.
ఆ మాట నిజమే.
అందుకే మాట్లాడలేదు.

ఇప్పుడు నోట్లు సర్దుతూ,
తలెత్తకుండా, "రేపట్నుంచి ఎన్ని?" అన్నాడు.
"అయిదు," అన్నాడు థర్లో.
"అయిదోది ఎవరిదని ఆ పిల్ల అడిగితే?"
"బండిదని చెప్పు."

తడి ఇరవై ఆరింది.
ఎవరి కుప్పలో వెయ్యాలో తోచక
వైపర్ కిందే వదిలేశాడు.

పైన నా పెద్ద డ్రమ్ము మిగిలిపోయింది,
పందొమ్మిది మెట్ల మీద.
డివిట్ ఎడంవైపు పట్టేవాడు.
ఆ పిల్ల ఏ వైపు పడుతుందో
ఎవరం అడగనేలేదు.